దేవుడి దగ్గర తూకం లేదు: క్రియలు, నీతి గురించి అపోహలు - వాస్తవాలు

రెండు నెలల కిందట ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. మా సంఘంలో ఒక అమ్మకి ఊపిరి ఆడటం లేదని, 108లో పలాస తీసుకెళ్తున్నామని వాళ్ల అబ్బాయి చెప్పాడు. నేను వెళ్లేసరికి ఒళ్లంతా నీరు పట్టి ఉంది. కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. ఆమె రెండేళ్లుగా డయాలసిస్ చేయించుకుంటున్న మనిషి. ఆ వారం రెండుసార్లు మానేసింది. మూడు రోజుల ఉపవాస కూటానికి వెళ్లిందట. దేవుడికి చెయ్యవలసింది పూర్తిగా చేస్తే ఇక మిషన్ అవసరమే ఉండదని అక్కడ ఎవరో చెప్పారు.

రాత్రికి రాత్రే డయాలసిస్ పెట్టారు. ప్రాణం నిలిచింది. తెల్లవారాక మంచం పక్కన కూర్చుంటే ఆమె అడిగిన మొదటి మాట ఇది: "అయ్యగారూ, దేవుడికి నానేటి తక్కువ సేసినానండీ?"

అడిగి, దిండు కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల దశమభాగం రసీదులు, అంటే సంపాదనలో పదో వంతు చర్చికి ఇచ్చినవి. నెలల వారీగా సర్ది, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. డాక్టరుకి చూపించాల్సిన కాగితాలు ఇంట్లో వదిలేసింది గానీ, ఇవి మాత్రం మర్చిపోకుండా తెచ్చుకుంది.

నేను పాస్టరుగా సేవలోకి వచ్చి ఇరవై ఆరేళ్లు. బొబ్బిలిలో మొదలుపెట్టాను, తర్వాత విజయనగరం, ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా. ఈ ప్రశ్న నన్ను అన్నిచోట్లా వెతుక్కుంటూ వచ్చింది. పెళ్లి కాని ఆడపిల్ల తండ్రి అడిగాడు, పంట పోయిన రైతు అడిగాడు, బిడ్డ పోయిన తల్లి అడిగింది. కానీ ప్రాణం మీదకు తెచ్చుకుని అడగడం ఇదే మొదటిసారి. అందుకే రాస్తున్నాను. ఆ అమ్మకి చెప్పే రాస్తున్నాను, పేరూ ఊరూ రాయనని మాట ఇచ్చి.

అపోహ: మన మంచినీ చెడునీ దేవుడు త్రాసులో వేసి తూస్తాడు. కష్టం వచ్చిందంటే మన వైపు తగ్గినట్టే, ఇంకా ఎక్కువ చెయ్యాలి.

ఎక్కువ మందిని ముంచుతున్న అపోహ ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఆ అమ్మ జబ్బు పడక ముందు ముప్పై ఏళ్లు జీడి పనికి వెళ్లింది. పిక్క కొట్టడం, పొట్టు తీయడం. అక్కడ కూలి కిలోల లెక్కన. రోజంతా వంగి కూర్చుని చేసిన పనిని సాయంత్రం తూకం వేస్తారు. ఎన్ని కిలోలైతే అంత డబ్బు, తక్కువైతే తక్కువ. జీడి సొనకి ఆమె వేళ్ల కొసలు నల్లబడి, చర్మం పెచ్చులు లేచి, మళ్లీ గట్టిపడి ఉంటాయి. పని మానేసి రెండేళ్లైనా ఆ నలుపు పోలేదు. ముప్పై ఏళ్లు తూకం ముందు నిలబడ్డ మనిషికి దేవుడు కూడా తూకం దగ్గర కూర్చున్నట్టే కనిపిస్తే అది ఆమె తప్పు కాదు. ఆ రసీదులు కూడా ఆమెకి తూకం చీటీల్లాంటివే.

బైబిల్లో ఎన్నో పత్రికలు రాసిన పౌలుకి ఈ కూలి లెక్క బాగా తెలుసు. రోమా పత్రిక నాలుగో అధ్యాయంలో ఆ పోలికే తెచ్చాడు. పని చేసినవాడికి జీతం ఇవ్వడం దానం కాదు, బాకీ తీర్చడం. కానీ దేవుడి దగ్గర సంగతి వేరు అంటాడు: "పనిచేయక, భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చు వానియందు విశ్వాసముంచు వానికి వాని విశ్వాసము నీతిగా ఎంచబడుచున్నది." భక్తిపరుణ్ణి అనలేదు, భక్తిహీనుణ్ణి అన్నాడు. నేను ఈ వాక్యం ఆమెకి మూడుసార్లు చదివాను. మూడోసారి ఆమే ఆపి, "భక్తిహీనుడినా?" అని అడిగింది.

ఇక్కడ మన భాష కూడా కాస్త చిక్కు పెడుతుంది. తెలుగులో నీతి అంటే నడవడి. నీతి కథలు, నీతి పద్యాలు, నీతి తప్పినవాడు. అందుకని "నీతిమంతుడు" అనగానే మంచి పనులు చేసేవాడు అనే అర్థమే ముందు తడుతుంది. పౌలు వాడిన గ్రీకు మాట మాత్రం కోర్టు మాట. న్యాయాధిపతి ఒక మనిషిని నిర్దోషి అని ప్రకటించడం. మన పాత తర్జుమా ఈ సంగతిని చక్కగా పట్టుకుంది, మనమే గమనించం. "నీతిమంతులముగా తీర్చబడి" అంటుంది. తీర్చడం, తీర్పు ఒకే మాటలోంచి వచ్చినవి. తీర్పు చెప్పేది జడ్జి, బోనులో ఉన్నవాడు కాదు.

లూకా పద్దెనిమిదో అధ్యాయంలో ఇద్దరు మనుషులు దేవాలయానికి వెళ్తారు. ఒకడు లెక్క అప్పజెప్పాడు: వారానికి రెండు ఉపవాసాలు, సంపాదన అంతటిలో పదియవ వంతు. రెండోవాడు తల ఎత్తడానికి కూడా భయపడి, రొమ్ము కొట్టుకుని, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు, అంతే. నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లింది రెండోవాడే అని యేసు చెప్పారు. ఇక్కడా అదే కోర్టు మాట. ఉపవాసం, దశమభాగం చెడ్డవని ఆయన అనలేదు. వాటిని తీర్పు కోసం బోనులోకి తేవద్దన్నాడు. ఈ అమ్మ పట్టుకొచ్చినవి సరిగ్గా ఆ రెండే. ఉపవాసం, రసీదులు.

అయితే ఆ అమ్మ కొడుకు ఒక మాట అడిగాడు, మంచి ప్రశ్నే: "మరి చివర్లో క్రియల ప్రకారమే తీర్పు అని ఉంది కదండీ, మత్తయి 25లో?" ఉంది. ఆకలిగొన్నవాళ్లకి పెట్టారు, రోగుల్ని చూడబోయారు, వాళ్లు కుడివైపు. కానీ ఆ కుడివైపు వాళ్లు ఏమన్నారో చూడండి. "ప్రభువా, ఎప్పుడు నీవు ఆకలిగొనియుండుట చూచి" పెట్టాం అని ఆశ్చర్యపోయారు. వాళ్ల దగ్గర లెక్కే లేదు. చేసినట్టు వాళ్లకే గుర్తు లేదు. చెట్టు ఏ చెట్టో కాయ చూసి చెప్తాం. కాయ కాసినందువల్ల అది ఆ చెట్టు కాలేదు.

ఇక జబ్బు గురించి. మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు 1990ల నుంచి మనుషుల్ని తినేస్తోంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస. నీళ్లు, మట్టి, ఎండలో పని అంటూ ఎన్నో పరిశోధనలు జరిగాయి, అసలు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. ఆ జబ్బు కొబ్బరి తోటలో కూలీని, తోట యజమానిని, గుడికి వెళ్లేవాణ్ణి, చర్చికి వెళ్లేవాణ్ణి ఒకేలా పట్టుకుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఎవరు పాపం చేశారని అడిగితే, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసు ఖరాఖండిగా చెప్పారు. ఆ మాట తర్వాత కూడా రోగి మంచం దగ్గరికి వెళ్లి "నీ జీవితంలో ఏదో ఉంది" అనే ధైర్యం ఆ కూటాల వాళ్లకి ఎక్కడినుంచి వస్తుందో నాకు అర్థం కాదు.

ఆ అమ్మకి వచ్చేది డయాలసిస్ పింఛను, నెలకి 10,000 రూపాయలు. అందులో వెయ్యి తీసి పక్కన పెడుతుంది. అది ఆమె ఇష్టం, ప్రేమతో ఇస్తోంది, నేను కాదనను. కానీ ఆ కూటంలో స్వస్థత కోసం ఇంకో అయిదు వేలు మొక్కుకుంది. చెవి దుద్దులు తాకట్టు పెట్టి ఇచ్చింది. కిడ్నీ పాడైన మనిషి డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుపోతాయి. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ఇది విశ్వాసం చాలినవాళ్లకైనా, చాలనివాళ్లకైనా ఒకటే. కాబట్టి గట్టిగా చెప్తున్నాను. డయాలసిస్ వాళ్లు, షుగరు వాళ్లు డాక్టరుని అడగకుండా ఉపవాసం ఉండొద్దు. మందు మానేయమని, డబ్బు కడితే జబ్బు పోతుందని ఎవరు చెప్పినా, వాళ్ల చేతిలో ఏ పుస్తకం ఉన్నా, ముందు ఇంట్లోవాళ్లకి, మీ పాస్టరుకి చెప్పండి. భయపెట్టి చేయించిన మొక్కు తీర్చకపోతే దేవుడు పగబట్టడు.

నాకు ఈ విషయంలో ఓపిక తక్కువే. కారణం మా నాన్నగారు. ఆయన బొబ్బిలి దగ్గర ప్రైమరీ స్కూలు టీచరు, ఆదివారం సండే స్కూలు కూడా ఆయనే చెప్పేవారు. "కృపచేతనే రక్షింపబడియున్నారు" అనే వాక్యం మా చేత కంఠతా పట్టించింది ఆయనే. ఆయన పోయాక ట్రంకు పెట్టె సర్దుతుంటే ఒక పొడుగు నోటు పుస్తకం దొరికింది. రోజుకో వరుస. ఎంతసేపు ప్రార్థన, ఎవరికి ఏమిచ్చారు, ఎవరి మీద కోపం వచ్చింది. పక్కన ఎర్ర సిరాతో కూడికలు, తీసివేతలు. చివరి మూడు నెలల్లో అన్నీ తీసివేతలే, ఎందుకంటే పక్షవాతం వచ్చి ఆయన మోకాళ్లూనలేకపోయారు. అక్షరాలు వంకరగా ఉన్నాయి, అయినా రాశారు. ఆ టెన్షన్ మాలో ఎవరికీ చెప్పలేదు. నేను అప్పటికే పాస్టరుని. పక్క గదిలోనే పడుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా అడగలేదు.

అపోహ: విశ్వాసం ఉంటే చాలు, బతుకు ఎలా ఉన్నా ఫర్వాలేదు.

ఆసుపత్రిలో మూడో రోజు ఆ అమ్మ ఇంకో ప్రశ్న వేసింది. "అలగైతే నాను సేసినవన్నీ వృథాయేనా అయ్యగారూ?"

కాదమ్మా. దేవుడు మీ పనినీ, ఆయన పేరు మీద చూపిన ప్రేమనూ మరచిపోయేంత అన్యాయస్థుడు కాడని హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయంలో ఉంది. మా నాన్నగారు కంఠతా పట్టించిన వాక్యం ఎఫెసీ రెండో అధ్యాయంలో ఎనిమిది, తొమ్మిది వచనాలు: క్రియలవలన కాదు, ఎవడూ అతిశయపడ వీల్లేదు. జనం అక్కడ ఆపేస్తారు. పదో వచనం చదవరు. దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడని అందులో ఉంది. రక్షణకి కారణం క్రియలు కావు, రక్షణ వచ్చిన చోట క్రియలు ఉంటాయి. విశ్వాసం ఒక్కటే నీతిమంతుడిగా తీరుస్తుంది గానీ ఆ విశ్వాసం ఒంటరిగా ఉండదని ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ బోధించింది కూడా ఇదే.

కాబట్టి తాగొచ్చి భార్యని కొట్టి, ఆదివారం ముందు వరుసలో కూర్చుని "కృప ఉంది కదండీ" అనేవాడికి నేను కృప గురించి చెప్పను. క్రియలు లేని విశ్వాసం చచ్చినదే అనే యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదివిస్తాను. దయ్యాలు కూడా నమ్మి వణుకుతున్నాయని అందులోనే ఉంది. ఒకే పుస్తకంలోంచి ఒకరికి రోమా, ఒకరికి యాకోబు. భయంతో కుంగినవాడికి యాకోబు చదివితే చంపినట్టే, మొండివాడికి రోమా చదివితే చెడగొట్టినట్టే. ఎవరికి ఏది చదవాలో తెలుసుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

అపోహ: పౌలు ఒకటి చెప్పాడు, యాకోబు దానికి ఎదురు చెప్పాడు.

మాటలు చూస్తే అలాగే అనిపిస్తుంది, దాచడం దేనికి. "విశ్వాసం మాత్రమే" అన్న మాటలు బైబిల్లో కలిసి కనిపించేది యాకోబు 2:24లో, అదీ మాత్రమే కాదు అంటూ. రోమా 3:28లో "మాత్రమే" అనే మాట గ్రీకులో లేదు. ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన లూథర్ 1522లో జర్మన్ తర్జుమాలో చేర్చాడు, జర్మన్‌లో అర్థం అలాగే సరిగ్గా వస్తుందని 1530లో వాదించాడు. యాకోబు పత్రికను గడ్డితో పోల్చిందీ ఆయనే. అది ఆయన తొందరపాటు అనే నా అభిప్రాయం.

ఇద్దరూ అబ్రాహామునే ఉదాహరణగా తెచ్చారు. పౌలు చూపించింది ఆదికాండం 15, అబ్రాహాము నక్షత్రాల కింద నిలబడి నమ్మిన రాత్రి. అప్పటికి ఇస్సాకు పుట్టనే లేదు. యాకోబు చూపించింది 22, ఎదిగిన ఇస్సాకును కొండ ఎక్కించిన రోజు. మధ్యలో ఎన్నో ఏళ్లు. మొదటి రాత్రి ఉన్న విశ్వాసం నిజమైనదని కొండ మీద బయటపడింది. పౌలు మాట్లాడుతున్నది తన క్రియల్ని దేవుడికి చూపించేవాడితో, యాకోబు మాట్లాడుతున్నది చలికి వణుకుతున్నవాడికి ఒట్టి దీవెన చెప్పి పంపేవాడితో.

అపోహ: ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు పనులతో పరలోకం కొనుక్కుంటారు.

విజయనగరంలో ఉన్నప్పుడు ఈ మాట వల్ల ఒక పెళ్లి ఆగిపోయేంత పని అయింది. అమ్మాయి ఆర్‌సీఎం, అబ్బాయి మావాడు. నిశ్చితార్థం భోజనాల దగ్గర అబ్బాయి పెదనాన్న, "మీది పనుల మతం, మాది కృప మతం" అనేశాడు. అమ్మాయి మామ్మగారు జపమాల చేతిలో పట్టుకుని ఉన్నారు. ఏమీ అనకుండా విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. నేను వెనకే వెళ్లాను. "నా యేసయ్యని నేను కొనుక్కున్నానా బాబూ?" అన్నారామె.

నేను బాప్టిస్టుని. విశ్వాసం ద్వారా మాత్రమే అన్నదే నా నమ్మకం, చనిపోయేదాకా అదే. కానీ పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞ కూడా నాదే. కృప లేకుండా సొంత ప్రయత్నంతోనే మంచిగా బతకగలం అన్న పెలాగియుస్ అనే పాతకాలపు బోధకుడి మాటను 418లో కార్తేజ్‌లో కూడిన సంఘ సభ ఖండించింది, అప్పటికి ప్రొటెస్టెంట్లు లేరు. కాథలిక్కుల ట్రెంట్ మహాసభ 1547 జనవరిలో నీతి గురించి ఇచ్చిన డిక్రీలో (అధికారిక తీర్మానంలో) మొట్టమొదటి శాపమే, క్రీస్తు కృప లేకుండా సొంత క్రియలతో మనిషి నీతిమంతుడు కాగలడు అనేవాళ్ల మీద. నీతిమంతుడుగా తీర్చబడక ముందు ఉన్నదేదీ, విశ్వాసమైనా క్రియలైనా, ఆ కృపను సంపాదించలేదని కూడా అందులోనే ఉంది. అంటే త్రాసు బోధ వాళ్లదీ కాదు, మాదీ కాదు. నాకు తెలిసి ఏ సంఘమూ దాన్ని తన విశ్వాస ప్రమాణంలో రాసుకోలేదు. అది గాలిలో తిరిగే మాట.

తేడా లేదా అంటే ఉంది, చిన్నది కాదు. నీతి అంటే దేవుడు లోపల మనిషిని మార్చడం కూడా అని కాథలిక్కులు చెప్తారు. కృపలో ఉండి చేసే క్రియల వల్ల ఆ నీతి పెరుగుతుందని, నిత్యజీవానికి యోగ్యత కలిగిస్తుందని ట్రెంట్ అంటుంది, విశ్వాసం మాత్రమే అన్న మాటను ఖండిస్తుంది. క్రీస్తు నీతి మన లెక్కకు వేయబడి, దాని ఆధారంగానే తీర్పు అయిపోతుందని, జీవితంలో మార్పు ఆ వెంటే వస్తుంది గానీ ఆ తీర్పులో భాగం కాదని మేం చెప్తాం. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్ సంఘమూ, లూథరన్ ప్రపంచ సమాఖ్యా కలిసి ఒక ప్రకటన మీద సంతకం చేశాయి. మన యోగ్యత వల్ల కాదు, కృపవల్లనే, క్రీస్తు రక్షణ కార్యంపై విశ్వాసంతోనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, పరిశుద్ధాత్మ మనల్ని సత్క్రియలకు సిద్ధపరుస్తాడని దాని సారాంశం. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘాల ప్రపంచ సమాఖ్య కూడా చేరారు. ఒప్పుకోని లూథరన్లూ ఉన్నారు, తేడాలన్నీ తీరలేదు. సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్లు, శ్రీకాకుళం మేత్రాసనంలో కాథలిక్కులు, కెనడా మిషనరీల కాలం నుంచి మా బాప్టిస్టులు, అందరం ఇచ్చిపుచ్చుకుంటూ ఒకే ఊళ్లలో బతుకుతున్నాం. తెలిసి విభేదిద్దాం. ఆ పెళ్లి జరిగింది. పెదనాన్న వెళ్లి మామ్మగారి చేతులు పట్టుకున్నాడు.

మిగతావి త్వరగా. బాప్తిస్మం తీసుకోకుండా చనిపోతే ఇక అంతేనా? యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ ఏ రేవుకీ వెళ్లలేదు, "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అనిపించుకున్నాడు. అలాగని వీలున్నవాళ్లు వాయిదా వేయొద్దు. దశమభాగం ఒక నెల తప్పితే శాపమా? కాదు. అప్పు చేసి మాత్రం ఇవ్వొద్దు. మంచి చేస్తే బహుమానం లేదా? ఉంది, తండ్రి బిడ్డకిచ్చేది, మేస్త్రీ కూలికిచ్చేది కాదు.

ఒక్కటి మాత్రం త్వరగా దాటలేను. "మా నీతిక్రియలన్నియు మురికిగుడ్డవలె నాయెను" అన్న యెషయా మాటని పట్టుకుని, హిందువుల మంచి పనులు మురికిగుడ్డలని పిల్లలకి చెప్పేవాళ్లున్నారు. యెషయా 64 తెరిచి చదవండి. "మా" అన్నాడు. తన ప్రజల గురించి, తనను కలుపుకుని, ఏడుస్తూ చేసిన ప్రార్థన అది. పక్కింటివాళ్ల మీదికి విసరమని ఇచ్చిన రాయి కాదు. ఆ అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లే ఆటో అబ్బాయి ఇంటి ముందు తులసికోట ఉంది. వారానికి రెండుసార్లు పొద్దున్న ఐదుకే వచ్చి హారన్ కొట్టకుండా నిలబడతాడు, ఆమె మెల్లగా రావాలని. డీజిల్‌కి కూడా సగం డబ్బులే తీసుకుంటాడు. "నా తమ్ముడు" అంటుంది ఆమె. నేను ఆ అబ్బాయి కోసం ప్రతి రోజూ దేవుడికి కృతజ్ఞత చెప్తాను.

దుద్దులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి, స్త్రీల సమాజం వాళ్లు డబ్బు కూడబెడుతున్నారు. ఆమె మాత్రం అప్పట్నుంచి ఒక్క డయాలసిస్ కూడా మానలేదు. పోయిన వారం వెళ్లినప్పుడు సంచిలోంచి ఆసుపత్రి కాగితాలు తీసి నర్సుకి ఇస్తుంటే చూశాను. రసీదుల కట్టకి ఉన్న ఆ రబ్బరు బ్యాండు ఇప్పుడు వాటికి ఉంది. రసీదులు ఏం చేశావని నేను అడగలేదు.